నైలాను ముడికి రెండో చుట్టు

ఇరవై ఒక్క రోజుల వ్యక్తిత్వ వికాసం కోర్సుని నేను రెండు రోజుల్లో పూర్తి చేశాను. ఈ మాట చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు. ఆ కోర్సు ఫోన్లో అమ్మిన కుర్రాడితో నలభై నిమిషాలు మాట్లాడి, చెప్పిన ధరలో మూడో వంతుకి దింపాను. దింపాక, "బాబూ, ఇరవై ఒక్క రోజులెందుకు, వారంలో అయిపోయేలా చూడు, నాకు కొట్టుంది" అని రోజుల మీద కూడా బేరం పెట్టాను. వీడియోలు రెండింతల వేగంతో చూసుకోవచ్చు మేడం అన్నాడతను. చూశాను. పొద్దున్నే లేవడం ఎలా అన్న పాఠం అన్నం వారుస్తూ విన్నాను, మనసు ఒకచోట నిలపడం ఎలా అన్న పాఠం పైపులు కొలిచి ఇస్తూ విన్నాను. రెండో రోజు సాయంత్రానికి నా పేరు బంగారు రంగు అక్షరాల్లో రాసున్న సర్టిఫికెట్టు ఫోన్లోకొచ్చింది. మా ఆయనకి చూపిస్తే, "కొత్త మనిషివైపోయావన్నమాట. మరి కాఫీ పాత మనిషే ఇవ్వాలా?" అన్నాడు.

ఆ తర్వాత వారం తిరక్కుండా, సబ్బవరంలో మా హార్డ్‌వేర్ కొట్టుకి కొత్త కాలనీ కుర్రాడొకడు చిరిగిన బ్యాడ్మింటన్ నెట్టు పట్టుకొచ్చాడు. కొత్తది కొనిపిద్దామని చూశాను, బేరం పడనివ్వలేదు, నాకు తగ్గవాడే. సరే, దారమన్నా అమ్ముదామని నైలాను దారం ఉండ కొత్తది తీసి పైనున్న కవరు చింపాను. అందులోంచి ఒక వాసనొచ్చింది. కిరసనాయిలు కాదు, కొత్త చెప్పుల వాసనా కాదు, ఎండలో వేడెక్కిన ప్లాస్టిక్కు బకెట్టులో ఉప్పునీళ్ళు పోస్తే వచ్చేలాంటి వాసన. చేతులు నన్నడక్కుండానే ఆ నెట్టుని ఒళ్ళోకి లాక్కున్నాయి. నెట్టులో తెగిన గళ్ళు, అంటే వల భాషలో కళ్ళు, పది నిమిషాల్లో కలిపేసి ఇచ్చాను. కుర్రాడు ముళ్ళు లాగి చూసి, "గట్టిగా ఉన్నాయి ఆంటీ. ఇది ఏ కోర్సులో నేర్చుకున్నారు?" అన్నాడు. వాడికేదో చెప్పి పంపేశాను. నాకు మాత్రం ఆ పూట కొట్లో చెయ్యాడలేదు.

మా నాన్నకి విశాఖపట్నం వన్‌టౌన్‌లో, హార్బరుకి పోయే దారిలో తాళ్ళ కొట్టుండేది. తాళ్ళ కొట్టంటే తాళ్ళే కాదు: కొబ్బరి నార తాళ్ళు, నైలాను తాళ్ళు, వలలకి కట్టే తెల్ల బెండ్లు, సీసం గుండ్లు, పడవలకి పూసే తారు డబ్బాలు, అలంకారానికన్నట్టు గుమ్మం పక్కన తుప్పు పట్టిన లంగరొకటి. పోర్టులో ఓడలకెక్కించే ఇనప రాయి పొడి గాలికి లేచొచ్చి మా కిటికీ చెక్కల మీద, ఆరేసిన బట్టల మీద, మూత మరిచిపోతే పాలగిన్నెలో కూడా పడేది. మా అమ్మ రోజుకి రెండుసార్లు తడిగుడ్డతో తుడిచేది, ఆ గుడ్డ పిండితే నీళ్ళు ఇటుక రంగులో కారేవి. ఎండాకాలం వస్తే ఆ పొడి వాసనకి తారు కరిగే వాసన, ఎండుచేపల వాసన, వీధి చివర తాటిముంజెలు ఒలిచి పారేసిన గుల్లల తీపి పులుపు వాసన కలిసి, మధ్యాహ్నం పూట ఓడ కూతతో పాటు ఇంట్లోకొచ్చేవి. ఆడపిల్లలం తొక్కుడుబిళ్ళ ఆడుకునే గళ్ళని కూడా తారు ముక్కతోనే గీసేవాళ్ళం. కాలి మడమలు నల్లగా అయ్యేవి, రాత్రి పడుకునే ముందు కొబ్బరినూనె రాసి రుద్దితేగానీ వదిలేవి కావు.

మా ఇంట్లో చదువు బళ్ళో ఒకటి, కొట్లో ఒకటి. నాన్న సాయంత్రం పూట నా చేతికి తాడు చుట్టనిచ్చి, తూకం వెయ్యకుండా బరువు చెప్పమనేవాడు. తప్పు చెబితే ఏమీ అనేవాడు కాదు, తక్కెడలో పెట్టి చూపించి మళ్ళీ చేతికిచ్చేవాడు. బేరం ఆడటం మాత్రం ఎవరూ నేర్పలేదు. అది పక్క కొట్టు పప్పుల సావుకారి దగ్గర, ఎదురు కొట్టు గాజుల మామ్మ దగ్గర, పొద్దున్నుంచి రాత్రి దాకా చెవిన పడుతూనే ఉండేది. పదేళ్ళకే నేను ఐసుబండివాడి దగ్గర రెండు ఐసుల ధరకి మూడు తెచ్చేదాన్ని. అందరూ మెచ్చుకునేవారు. ఆ మెప్పు నన్ను పాడు చేసిందని ఇప్పుడంటే తప్పు వాళ్ళ మీదికి నెట్టినట్టవుతుంది, అందుకని అనను.

మా కొట్టు అరుగు మీద పోలయ్య తాత కూర్చునేవాడు. ఊరు యారాడ. వయసులో ఉన్నన్నాళ్ళు సముద్రం మీద చేపల వేటకెళ్ళి, ఒళ్ళు సహకరించక మానేశాక, రోజూ పొద్దున్న బస్సు దిగి మా అరుగు మీద వలలు బాగుచేసేవాడు. నాన్న అతని దగ్గర అద్దె తీసుకునేవాడు కాదు. ఇది దానమనుకోకండి: వల బాగుచేయించుకోడానికి వచ్చిన ప్రతివాడూ దారం మా కొట్లోనే కొనాలి కదా. చేపలు గుడ్లు పెట్టే కాలమని సర్కారు వేట ఆపించే నెలన్నర రోజుల్లో పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి గనక, చిరిగిన వలలన్నీ మా అరుగు మీదే గుట్టలుగా పడేవి. నీలం, ఆకుపచ్చ, తెలుపు. వాటి మధ్య తెల్లపంచె కట్టుకుని, కాలి బొటనవేలికి వల కన్ను తగిలించి, అతను సూదిని అలా ఆడిస్తుంటే చూడటానికి చాలా తేలిగ్గా ఉండేది. బళ్ళకి సెలవులిచ్చిన మొదటి వారంలోనే వెళ్ళి నేర్పమన్నాను.

"ఎన్నాళ్ళుంటావమ్మా?" అన్నాడు.

"ఎన్నాళ్ళు పడుతుంది తాతా?"

"ఒక ఎండాకాలం."

"పది రోజుల్లో నేర్పు. రోజూ మామిడితాండ్ర ముక్క తెచ్చిస్తాను."

అతను సూది ఆపి పడీ పడీ నవ్వాడు. "ఓలమ్మ! సావుకారి కూతురివనిపించుకున్నావ్. తాండ్ర అట్టుకురా. పది రోజులు మాత్రం నా సేతిలో నేవు."

తాండ్ర మోసింది నేను, బేరం నెగ్గింది అతను. మొదటి వారమంతా నాకిచ్చిన పని ఒకటే, వల అల్లే సూదికి దారం చుట్టడం. వెదురు బద్దతో చేసిన చిన్న సూది, మధ్యలో నాలికలా చెక్కిన పుల్లకి అటోసారి ఇటోసారి దారం చుట్టాలి, చుట్టు మీద చుట్టు ఎక్కకూడదు. రెండో వారం ముళ్ళు విప్పించాడు. పనికిరాని పాత వల ముక్కొకటి మా కిటికీ ఊచకి కట్టి, "ముందు ఇప్పు. ఎలా బిగిసిందో ఇప్పితేనే తెలుద్ది" అన్నాడు. గోళ్ళు విరిగాయి. నాకు పిచ్చి కోపం. నేర్పడానికి ఇష్టం లేక నాన్చుతున్నాడనుకున్నాను. మూడో వారం ఆ పాత వల మీదే కట్టించాడు: సూదిని కింద నుంచి కన్నులోకి పోనిచ్చి, బొటనవేలితో నొక్కిపెట్టి, దారాన్ని ఆ కన్ను మెడ చుట్టూ తిప్పి, లాగేముందు ఇంకొక్క చుట్టు తిప్పి, అప్పుడు లాగాలి.

"నూలు వలలకి ఒక్క సుట్టే. నూలు తడిస్తే బిగుసుకుంటాది. నైలాను జారుముండ, తడిస్తే ఇంకా జారుద్ది. దానికి రెండోది గావాల. తెలిసిందేటి?"

రోజూ పని అయ్యాక ఒక తమాషా చేసేవాడు. సూది నా చేతిలోంచి తీసుకుని, "నాకు రాదు, నువ్వు నేర్పు" అనేవాడు. నేనేం చెబితే అదే చేసేవాడు, ఒక్క మాట మిగిలిపోతే ఆ పని చెయ్యకుండా ఆగి నా మొహం కేసి చూస్తూ కూర్చునేవాడు. నాకు వచ్చిందనుకున్నది ఎంత రాలేదో ఆ కాసేపట్లో బయటపడేది. అతనికి నచ్చితే ముడి మీద బొటనవేలు రాసి, "ఊఁ" అనేవాడు. ఆ "ఊఁ" కోసం మధ్యాహ్నం నిద్ర మానేసి కూర్చునేదాన్ని.

అతని కళ్ళ సంగతి నాకు తాండ్ర వల్ల తెలిసింది. అతని ఎదురుగా, ఎప్పుడూ పెట్టే చోట కాకుండా జానెడు పక్కగా పెట్టాను. చెయ్యి పాత చోటికే వెళ్ళి, ఉత్త అరుగుని తడిమింది. దగ్గరగా చూస్తే రెండు కళ్ళలోనూ గంజి మీగడ లాంటి పొర. వలలన్నీ అతను వేళ్ళతోనే చూస్తున్నాడు. చిరుగు పెద్దదైతే, ఏ కన్ను ఎక్కడ తెగిందో వేళ్ళకి దొరకదు. అందుకే నేను పక్కన ఉండి "తాతా, ఇక్కడ మూడు తెగాయి" అంటుంటే అతని మొహం అలా విప్పారేది.

"ఎవరికీ సెప్పకమ్మా," అన్నాడు. "కళ్ళు నేవంటే వల ఎవడిత్తాడు? ఆపరేసనంటే నాకు బయ్యం. ఈ సేతులున్నన్నాళ్ళు లాక్కొచ్చేత్తాను."

ఆ రోజు నుంచి నేను అతని కళ్ళు. అలా ఎవరూ చెప్పలేదు, నాకు నేనే పదవి ఇచ్చుకున్నాను. పదకొండేళ్ళ పిల్లకి అంతకంటే పెద్ద పదవి ఏముంటుంది? గుట్టలు తగ్గుతూ వచ్చాయి. వేట మొదటి రోజుకే కావాలన్నవాటిలో చివరికి అతని సొంత అల్లుడు ఎర్రయ్య వల మిగిలింది. మధ్యలో చాపంత చిరుగు. వేట మొదలవడానికి రెండు రోజులుంది. కూతురు బంగారమ్మ వచ్చి, "నాయినా, ఈ ఏడు ఇదొక్కటే వల. నువ్వు సేత్తావని కొత్తది కొననేదు" అని చెప్పి వెళ్ళింది.

మర్నాడు పోలయ్య తాతకి వడదెబ్బ తగిలింది. మా కొట్టు వెనక గోనెల మీద పడుకోబెట్టి అమ్మ మజ్జిగ తాగిస్తూ ఉంది. నేను ఎవరూ అడక్కుండానే అరుగు మీద కూర్చుని ఆ చాపంత చిరుగు మొదలుపెట్టాను. ఒక గంట బాగానే చేశాను. తర్వాత నాలోని సావుకారి కూతురు లేచింది. ప్రతి ముడికీ ఈ రెండో చుట్టు ఎందుకు? ఒక్క చుట్టుతోనూ ముడి ముడిలాగే కనిపిస్తోంది, లాగితే రావడం లేదు. దారం మిగులుతుంది, పొద్దు మిగులుతుంది. సాయంత్రానికి మొత్తం అయిపోతే, ఒక్కదాన్నే చేశానని వీధంతా చెప్పుకోవచ్చు. నడుమంతా ఒక్క చుట్టుతో లాగించేశాను. అయితే అతని బొటనవేలు ఎక్కడెక్కడికి వెళ్తుందో నాకు తెలుసు గనక, అంచుల వెంబడి మాత్రం శుభ్రంగా రెండేసి చుట్లు వేశాను. మామిడికాయల బుట్టలో మంచికాయలు పైన పేర్చడం మా వీధిలో నేను రోజూ చూస్తున్నదే. నాకది మోసమని కూడా తోచలేదు, సర్దడమనిపించింది.

సాయంత్రం అతను గోడ పట్టుకుని వచ్చి కూర్చుని, అంచులు తడిమాడు. "ఊఁ" అన్నాడు. ఒళ్ళు తూలుతోంది, లోపలికి చెయ్యి పోనివ్వలేదు.

"అన్నిటికీ రెండో సుట్టు ఏసావా?"

"వేశాను తాతా."

వేట మొదలైన మర్నాడు పొద్దున్నే ఎర్రయ్య, ఇంకో ఇద్దరూ కలిసి తడి వలని భుజాల మీద మోసుకొచ్చి మా అరుగు మీద పడేశారు. కానాగంత చేపల గుంపు దొరికిందట. లాగుతుంటే వల నడుమ ముడి తర్వాత ముడి జారిపోయి, తలుపంత కంత పడి, పడ్డ చేపలన్నీ సముద్రంలోకి పోయాయట.

"ఏటి మావా ఇది?" అన్నాడు ఎర్రయ్య. కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువ అతని గొంతులో.

రెండోవాడు కాస్త నోటి దురుసు మనిషి. "కళ్ళు పోనాయా, సెయ్యి పోనాదా? ఏదో ఒకటి సెప్పు మావా, మా వల కూడా నీ కాడే ఉంది" అన్నాడు.

పోలయ్య తాత ఆ కంతలోకి చెయ్యి పెట్టి, జారిన ముళ్ళు వేళ్ళతో చూశాడు. చాలాసేపు చూశాడు. నేను గుమ్మం లోపల, దారం ఉండల వెనకాల నిలబడి ఉన్నాను. అతను నా వైపు తిరగలేదు.

"సెయ్యే," అన్నాడు. "సెయ్యి పోనాది."

పది రోజుల్లో అరుగు ఖాళీ అయింది. ఒక్కొక్కరే వచ్చి, "సావుకారూ, మా వల ఇచ్చీ" అని, తాత వైపు చూడకుండా మా నాన్నని అడిగి తీసుకుపోయారు. నాన్న ఇచ్చేశాడు. ఎర్రయ్య వల ఒక్కటే మిగిలింది. పోలయ్య తాత దాన్ని ఊచకి కట్టి, నన్ను పిలిచాడు. తిడతాడనుకున్నాను. "కూకో. మొత్తం ఇప్పు" అన్నాడు. అంచుల్లో రెండు చుట్లతో ఉన్న మంచి ముళ్ళు కూడా విప్పించాడు. తర్వాత మొదటి కన్ను నుంచి మళ్ళీ కట్టించాడు. ప్రతి ముడికీ బొటనవేలు. అయిదు రోజులు పట్టింది. మూడో రోజు ధైర్యం చేసి అడిగాను:

"తాతా, నాన్నకి చెబుతావా?"

"నాను సెప్తే నీకు తన్నులు తగులుతాయి. ముడి వత్తాదేటి?"

 నిజం చెప్పాలంటే సంతోషించాను. తప్పించుకోవడం కూడా లాభమే అని లెక్క వేసుకునే వయసప్పటికే వచ్చేసింది. నాన్న దగ్గరికి వెళ్ళి "అది నేను చేసింది" అనడానికి ఆ అయిదు రోజుల్లోనూ, ఆ తర్వాత మా నాన్న బతికున్నన్నాళ్ళూ నాకు తీరిక దొరకలేదు. వానలు మొదలయ్యాక పోలయ్య తాత రావడం మానేశాడు. అతను కూర్చున్న చోట నాన్న కూల్‌డ్రింకుల ఫ్రిజ్జు పెట్టించాడు.

మొన్నటి ఆ సర్టిఫికెట్టు కోర్సు తప్పిస్తే, ఆ తర్వాత నేను నేర్చుకున్నవన్నీ ఆ అరుగు మీద నేర్చిన పద్ధతిలోనే నేర్చుకున్నాను. స్కూటరు నేర్చుకునేటప్పుడు వారం రోజులు నడపకుండా, స్టాండు మీద ఉంచి బ్రేకులే నొక్కాను. నేర్పుతున్న మా ఆయనకి విసుగొచ్చింది. కంప్యూటరు మీద బిల్లులు వెయ్యడం నేర్చుకున్నప్పుడు, ముందు తప్పు బిల్లు ఎలా రద్దు చెయ్యాలో అడిగి, పాత బిల్లుల మీద వంద తప్పులు కావాలని చేసి సరిదిద్దుకున్నాను. ఇంగ్లీషు ఉత్తరాలు కంపెనీలవి ముందేసుకుని, రోజుకి నాలుగు వాక్యాలు, ఎక్కువ కాదు, చేత్తో రాసుకుని, మా కొట్లో పనిచేసే అమ్మాయికి "నీకు నేర్పుతాను రా" అని చెప్పేదాన్ని. ఎక్కడ తడబడితే అక్కడ నాకు రాలేదని తెలిసేది. ఎవరైనా కొత్త పని నేర్చుకోడానికి దారి అడిగితే నాకు తెలిసింది ఇదే: చూడు, విప్పు, పాత ముక్క మీద కట్టు, ఇంకొకరికి చెప్పి చూడు, నువ్వు చేసింది తెలిసినవాళ్ళ బొటనవేలి కింద పెట్టు. ఈ చివరిది అన్నిటికంటే కష్టం. దాన్ని తప్పించుకోడానికి మనం చాలా తెలివి ఖర్చు పెడతాం. నేనైతే పదకొండేళ్ళకే పెట్టాను.

కిందటి ఆదివారం యారాడ వెళ్ళాను. కొండ దిగి, ఊళ్ళోకి పోయి బంగారమ్మ ఇల్లెక్కడని అడిగితే చూపించారు. జుట్టు తెల్లబడింది, మనిషి తండ్రిలాగే పొడుగ్గా ఉంది. వాకిట్లో కవళ్ళ చేపలు ఎండేసి కాకుల్ని తోలుతోంది. తాళ్ళ సావుకారి కూతుర్నని చెప్పాను. పీట వేసింది. ఎర్రయ్య పోయి చాలా కాలమైందని, కొడుకు స్టీలు ప్లాంటులో కాంట్రాక్టు పనికి వెళ్తున్నాడని, ఇంట్లో ఇప్పుడు వల లేదని చెప్పింది. నేను దారంతా కూడగట్టుకున్న మాట అప్పుడు బయటపెట్టాను. ఆ వల నడుమ కట్టింది నేనని, రెండో చుట్టు వెయ్యలేదని, వేశానని అబద్ధం చెప్పానని.

ఆమె కాకుల మీద కర్ర విసిరి, తిరిగొచ్చి కూర్చుంది.

"మాకు తెల్దేటి? నాయిన ముడి నాకు తెల్దా? నా పెళ్ళప్పటికే ఆ ముళ్ళు ఎన్ని సూసాను. పిల్ల సేతి ముడి పిల్ల సేతి ముడే."

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"ఎలా సెప్తాను? పిల్ల కట్టిందంటే, నాయిన్ని నీకు కళ్ళు నేవా అంటారు. పిల్ల కట్టనేదంటే, నాయిన సెయ్యి పోనాదంటారు. ఎటు సెప్పినా నాయిన పనే పోద్ది. సెయ్యి పోనాదంటే నువ్వన్నా మిగుల్తావని నాయినే అన్నాడు."

"తర్వాత ఏం చేశాడు?"

"ఏటి సేత్తాడు? ఇదిగో ఇక్కడే కూకునేవోడు. సేతికి దారమిత్తే ముడేసేవోడు, ఇప్పేవోడు. నాలుగేళ్ళు బతికాడు."

టీ ఇచ్చింది. తాగాను. ఎండుచేపలు పొట్లం కట్టి ఇవ్వబోతే ధర అడిగాను, తిట్టింది. బేరం లేకుండా ఒక వస్తువు తీసుకోవడం నా జన్మలో అదే మొదటిసారేమో.

మా తాళ్ళ కొట్టు ఇప్పుడు లేదు, ఆ చోట సెల్‌ఫోన్ల కొట్టుంది. అరుగు రోడ్డు వెడల్పులో పోయింది. వన్‌టౌన్‌లో అరుగు మీద కూర్చుని వల బాగుచేసే మనిషి నాకు కనపడలేదు. అందుకని లెక్క నేనే చెప్పాలి, సరిచూసేవాళ్ళు లేరు. నేను నేర్చుకున్నది ఒక ముడి, నేర్చుకునే ఒక పద్ధతి. పట్టిన కాలం ఒక ఎండాకాలం, దాని మీద అయిదు రోజులు. దానికి ఎర్రయ్య ఒక గుంపు చేపలు, పక్షం రోజుల వేట ఇచ్చాడు. బంగారమ్మ తండ్రి మీద పడ్డ మాటని నోరెత్తకుండా మోసింది. పోలయ్య తాత తన అరుగు, తన పని, పాడవని తన చేతికున్న పేరు, చివరి నాలుగేళ్ళు ఇచ్చాడు. నేను ఇచ్చింది ఇరవై ముప్ఫై తాండ్ర ముక్కలు. అవి కూడా మా అమ్మ చేసినవి.